కన్నం లేని ఫోను

కోనసీమలో ఫోను ముసలిదై పోవడం అరుదు. అంత ఆయుష్షు దానికి రాసిపెట్టి ఉండదు, ముందే నీళ్లలో పడి పోతుంది. గట్టు మీద సైకిలాపి మాటాడుతుంటే బోదెలోకి జారేవి కొన్ని. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే హడావిడిలో వశిష్ఠ గోదారి పాలయ్యేవి కొన్ని. మా బాబాయి ఫోను మాత్రం రొయ్యల చెరువులో పోయింది. మేత ఏమాత్రం తిన్నాయో చూద్దామని చెక్‌ట్రే తాడు లాగుతూ ముందుకి వంగాడు. చొక్కా జేబులోంచి ఫోను జారి తిన్నగా ట్రేలో పడింది. హమ్మయ్య, ట్రేలోనే కదా పడింది అనుకోవాల్సింది. ఆయన కంగారుపడి తాడు వదిలేశాడు.

పైకి తీశాక పిన్ని దాన్ని బియ్యం డ్రమ్ములో పాతిపెట్టింది. 1982లో మన మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ వరి రకం దేశంలో కోట్లమందికి అన్నం పెట్టింది గానీ, బాబాయి ఫోనుకి ప్రాణం పొయ్యలేకపోయింది. మంచినీళ్లయితే కాస్త ఆశ ఉండేది. ఉప్పునీళ్లు లోపలి రాగినీ టంకాన్నీ తినేస్తాయి. మర్నాడు తీసి చూస్తే ఫోనుకి రొయ్యల వాసన, ఆ తరవాత వారం రోజులు అన్నానికీ అదే వాసన.

అప్పటికి ధనుర్మాసం. పండక్కి నాలుగు రోజులు ముందే దిగాను కాబట్టి కొత్త ఫోను కొనిపించే పని నా నెత్తిన పడింది. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడికి తీగ ఉన్న ప్రతి వస్తువూ తెలుసని మా ఊళ్లో గట్టి నమ్మకం. ఫోను ఎలాంటిది కొనాలో చెప్పేవాళ్లకైతే కొదవ లేదు. కొబ్బరికాయల షావుకారు బ్యాటరీ చూడమన్నాడు. పూజారిగారు అక్షరాలు పెద్దవి కావాలన్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఐఫోనే కొనమన్నాడు, డబ్బు సంగతి ఎత్తలేదు. బాబాయి అందరికీ "అలాగేనండి" అన్నాడు. ఆయన స్వభావమే అంత. ఎవరికీ కాదని చెప్పలేడు. మర్యాద తప్పడం కన్నా మోసపోవడం నయమనుకునే రకం.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లాం. షాపులో కుర్రాడు మమ్మల్ని కుర్చీల్లో కూచోబెట్టి, చల్లటి కూల్‌డ్రింకు చేతికిచ్చి, ఒక ఫోను తీశాడు.

"ఇది ఐపీ68 అండి. నీళ్లలో పడినా ఏమీ అవ్వదండి."

"ఏ నీళ్లు బాబూ?" అన్నాడు బాబాయి.

"అంటే, అండి?"

"ఉప్పునీళ్లా, మంచినీళ్లా?"

కుర్రాడు పెట్టె తిరగేసి చూశాడు. పెట్టె మీద ఆ వివరం లేదు. ప్రపంచంలో ఎక్కడైనా నీళ్లంటే నీళ్లేనేమో గానీ, డెల్టాలో మాత్రం మొదటి ప్రశ్న ఇదే. నిజానికి అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే. ఆరు అంటే దుమ్ము దూరదని, ఎనిమిది అంటే మీటరు కన్నా లోతు నీళ్లలో కంపెనీ చెప్పినంతసేపు తట్టుకుంటుందని. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్లతో. సముద్రానికీ చెరువుకీ పూచీ లేదు. ఈ ముక్క నేను చెప్పాక బాబాయి కుర్రాడి వైపు తిరిగాడు.

"మా చెరువు సాలినిటీ పదిహేను బాబూ. ఎంతసేపు ఆగుద్ది?"

"ఛార్జింగ్ మాత్రం చాలా ఫాస్టండి," అన్నాడు కుర్రాడు.

బాబాయి ఫోను చేతిలోకి తీసుకుని పైనా కిందా పక్కలా తడిమాడు. మళ్లీ తడిమాడు. జేబులోంచి తన పాత ఇయర్‌ఫోన్ తీశాడు. దాని వైరుకి అక్కడక్కడా నల్లటేపు చుట్టి ఉంటుంది.

"కన్నం ఏదయ్యా?"

"ఇప్పుడు కన్నాలు రావట్లేదండి. అంతా బ్లూటూతేనండి."

"మరి ఇదేం చేసుకోను? ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొస గోదాట్లో వదిలెయ్యనా?"

కుర్రాడికి ఎటకారం అర్థమైంది, వాడూ ఈ నీళ్లే తాగాడు. నవ్వి ఇంకో కూల్‌డ్రింకు తెప్పించాడు. 2016లో ఐఫోన్ 7కి ఆపిల్ వాళ్లు ఆ కన్నం పూడ్చేశారు. తరవాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. తక్కువ ధరలో కన్నం ఉన్న ఫోన్లు ఇప్పటికీ దొరుకుతాయని, పక్కవీధిలో చూద్దామని నేను బాబాయి చెవిలో ఊదాను.

"ఒరేయ్, వాడిచ్చిన డ్రింకు తాగాం. అదీ రెండోసారి. కొనకుండా లేచొస్తే ఏం బాగుంటుందిరా?"

అలా ఫోను, దాంతోపాటు చెవిలో పెట్టుకునే రెండు గింజలు, వాటికో డబ్బీ, ఫోనుకో గాజుబిళ్ల, ఆ గాజుబిళ్లకి హామీపత్రం కొనుక్కొచ్చాం. ఆ కూల్‌డ్రింకులు అంత ఖరీదు పడ్డాయని పిన్నికి నేను చెప్పలేదు.

మర్నాడు తెల్లారకుండానే బాబాయి ఆ ఫోనుని రామాలయం మైకుసెట్టుకి బ్లూటూత్‌తో కలిపి తిరుప్పావై పెట్టించాడు. గుడి గోడా మా పెరటి గోడా ఒకటే. కమిటీలో కోశాధికారి కాబట్టి నెలరోజులూ పాసురాలు మోగించే పని ఆయనదే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పాటల యాప్ ఒకటి వేసిచ్చాను. అది తెరవగానే ఏ భాషలు ఇష్టం, ఎవరి పాటలు ఇష్టం అని బొమ్మలు చూపించి అడిగింది. బాబాయి అద్దాలు తుడుచుకుని కూచుని, ఇంటిపేరున పెళ్లిపిలుపులు రాస్తున్నట్టు ఒక్కరినీ వదలకుండా అందరినీ నొక్కుకుంటూ పోయాడు. పంజాబీ, భోజ్‌పురీ, కొరియా, ఇంగ్లీషు, ఏదీ మానలేదు.

"అందరూ ఎందుకు బాబాయ్? నీకు నచ్చినవాళ్లని నొక్కు చాలు."

"అలా ఒకర్ని నొక్కి ఒకర్ని మానేస్తే పాపం ఏమనుకుంటారు?"

ఈ యాప్‌ల లెక్క మర్యాద మీద నడవదు. మనం ఏ పాట చివరిదాకా విన్నాం, దేన్ని మొదట్లోనే దాటేశాం, దేన్ని మళ్లీ పెట్టుకున్నాం, అదంతా రాసుకుంటుంది. మనం విన్నవే విన్న ఇంకొందరు ఇంకేం వింటున్నారో చూసి అవి మన ముందు పెడుతుంది. స్పాటిఫైలో అయితే ముప్ఫై సెకన్లు మోగితేనే ఒక్కసారి విన్నట్టు లెక్క. మనిషన్నవాడు నచ్చని పాటని ఆలోపే దాటేస్తాడని దాని ధీమా. మా బాబాయి పాట మధ్యలో లేవడు. పాడేవాడు పాడుతుంటే మధ్యలో తీసేయడం తప్పని ఆయన అభిప్రాయం. పక్కింటి పిల్ల పెట్టిన ఇంగ్లీషు బాలగేయాన్ని కూడా తలూపుతూ పూర్తిగా విన్నాడు. సాయంత్రానికి ఆ యాప్ దృష్టిలో ఆయనకి ప్రపంచంలో నచ్చని పాటంటూ లేదు.

ఆయనకి నిజంగా కావాల్సింది ఒక్కటే. మా నాయనమ్మ మజ్జిగ చిలుకుతూ పాడే ఒక పదం. మాటలు గుర్తులేవు, వరస మాత్రం నోట్లో ఆడుతోంది. గూగుల్‌లో 2020 నుంచీ కూనిరాగం తీసి పాట వెతికే సదుపాయం ఉంది. గొంతునీ మాటల్నీ పక్కనపెట్టి, వరస ఎక్కడ లేచింది ఎక్కడ దిగింది అన్నది మాత్రమే అంకెల్లోకి మార్చుకుని తన దగ్గరున్న పాటలతో పోల్చి చూస్తుంది. ఫోను ఆయన నోటి ముందు పెట్టాను. కళ్లు మూసుకుని "ఊఁ ఊఁ" అని అందుకున్నాడు. వెనకాల గేదె కూడా అందుకుంది.

ఫోను ఆలోచించి ఒక స్పెయిన్ దేశపు గిటారు పాట చూపించింది. పోలిక పదకొండు శాతం.

"ఇది కాదు బాబాయ్, తీసెయ్."

"ఉండరా. అంత దూరం నుంచి వచ్చాడు, వినకుండా పంపేస్తామా?"

ఆ రాత్రి నేను ఊరి చివర మా స్నేహితుడి అరుగు మీద కూచుని ఉన్నాను. పదిన్నర దాటింది. ఉన్నట్టుండి రామాలయం గొట్టం మైకుల్లోంచి గిటారు మొదలైంది. స్పెయిన్ ఆయనే. అరుగుల మీద ఒక్కొక్కళ్లే లేచి కూచున్నారు. ధనుర్మాసంలో కొత్త సేవ ఏదన్నా పెట్టారేమోనని ఒకావిడ చెంపలేసుకుంది కూడా.

నాకు విషయం వెలిగింది. గింజల డబ్బీకి విడిగా ఛార్జింగ్ పెట్టాలని బాబాయికి తెలీదు, అవి ఎప్పుడో చచ్చి ఊరుకున్నాయి. పూజారిగారబ్బాయి మైకుసెట్టు ఆపడం మర్చిపోయాడు. పొద్దున్న పరిచయమైన సెట్టు గోడవతల మేలుకుని కనబడేసరికి ఫోను తనంతట తనే వెళ్లి దాన్ని కలిసింది. బ్లూటూత్ అలవాటది.

పరుగెత్తాను. దారిలో పాటలు మారుతున్నాయి. ఒకటి అవగానే దాని చుట్టం ఇంకోటి వస్తోంది. మూడో నాలుగో పాటకి మాండలిన్ వచ్చింది. రామాలయం వీధి మలుపులో కాళ్లు వాటంతటవే ఆగాయి. అది మన శ్రీనివాసు మాండలిన్. 1969లో పాలకొల్లులో పుట్టి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి, 2014లో వెళ్లిపోయిన ఉప్పలపు శ్రీనివాస్. 1995లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఇంగ్లండులోని రియల్ వరల్డ్ రికార్డుల సంస్థకి ఒక ఆల్బమ్ చేశాడు. ఆ బంధుత్వాన్ని పట్టుకునే కాబోలు యాప్ ఆయన్ని పట్టుకొచ్చింది. వంతెన దాటితే వచ్చే పాలకొల్లు మా ఊరికి స్పెయిన్ చుట్టూ తిరిగి వచ్చింది. వీధిలో ఎవరూ మాటాడలేదు. మైకు ఆపమని అరవడానికొచ్చిన గుడి ప్రెసిడెంటుగారు కూడా తువ్వాలు భుజాన వేసుకుని తన గుమ్మంలో నిలబడిపోయారు.

సరిగ్గా అప్పుడు మాండలిన్ ఆగింది. భీమవరం నుంచి బాబాయి బావమరిది వాట్సాప్‌లో పంపిన గొంతు మొదలైంది.

"బావా! మొన్న మీ గుడి దగ్గర ఫ్లెక్సీ చూశాను. మీ ప్రెసిడెంటు ఇచ్చింది ఐదొందల పదహార్లంట కదా! ఫ్లెక్సీలో మొత్తం రాముడి కన్నా ఆయన మీసమే పెద్దది. పైగా పులిహోరలో జీడిపప్పు కనబడితే ఒట్టు."

గొట్టం మైకులు నాలుగూ నాలుగు దిక్కులకీ వినిపించాయి.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి బాబాయి పడక్కుర్చీలో రెండు చెవుల్లో గింజలు కుక్కుకుని పరవశించిపోతున్నాడు. "ఒరేయ్, ఈ గింజలు అద్భుతంరా! చుట్టూ నాలుగు పక్కల్నుంచీ మోగుతున్నట్టే ఉంది!" అని అరిచాడు. నేను గోడ వైపు చూపించి, గింజలు పీకేశాను. ఆయన గోడని చూశాడు, ఫోనుని చూశాడు. తరవాత పిన్ని ఇచ్చిన మంచినీళ్లు గడగడా తాగాడు.

పొద్దున్నే ప్రెసిడెంటుగారు గేటు తీసుకుని వచ్చారు. బాబాయి నోట మాట లేదు. కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు, జీడిపప్పు పళ్లెంలో పోయించి, పోయించాక నాలిక కరుచుకున్నాడు.

"రాత్రి ఆ మాండలిన్ వాయించిందెవరండీ బావగారూ?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"పాలకొల్లండి. శ్రీనివాసుగారండి."

"ఆయ్! మన పాలకొల్లే! నా ఫోనులో కూడా పడెయ్యండి మరి."

పడేశాం. ఆయన కాఫీ తాగి, జీడిపప్పు ఒక్కటీ మిగల్చకుండా తిని, లేచి గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"అన్నట్టు బావగారూ, పండక్కి కొత్త ఫ్లెక్సీ వేయిద్దామండి. నా బొమ్మ వద్దులెండి, మీ బావమరిదిగారిది పెడదాం. గొంతు ఊరందరికీ తెలిసింది, మొహం కూడా తెలియాలి కదండీ. చందా ఐదొందల పదహార్లు పంపమనండి, చాలు."