‘ప్రెగ్నెంట్’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ప్రెగ్నెంట్’ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను. టెస్టు కిట్ మీద రెండు గీతలు పడగానే ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తున్నారు. తోటల్లో, బీచుల్లో మీ పేరు మీద ఫొటోషూట్లు జరుగుతున్నాయి. సంతోషం. ఈ వైభవంలో పడి పాత రోజులు మర్చిపోయి ఉంటారని ఈ ఉత్తరం. 1952లో అమెరికాలో సీబీఎస్ టీవీ వాళ్లు ‘ఐ లవ్ లూసీ’ అనే హాస్య షోలో మీ పేరు పలకకూడదని మిమ్మల్ని గుమ్మం బయటే నిలబెట్టారు. లోపల జరిగేదంతా మీ ముచ్చటే, మీరు మాత్రం లోపలికి రాకూడదు. పెళ్లికొడుకుని వీధి అరుగు మీద కూర్చోబెట్టి పెళ్లి జరిపించినట్టు.

ఆ ఇంటి ఇల్లాలు నటి లూసీల్ బాల్. మీ కోసం పదేళ్లకు పైగా ఎదురుచూసిన మనిషి. క్యూబా నుంచి వచ్చిన పాటగాడు, బ్యాండ్ నడిపేవాడు డెసీ అర్నాజ్‌ను 1940లో పెళ్లి చేసుకుంది. మీరు వచ్చినట్టే వచ్చి, ఒకసారి కాదు, వెనక్కి వెళ్లిపోయారు. చివరికి నిలబడి, 1951 జూలైలో కూతుర్ని ఒళ్లో పెట్టేసరికి ఆమెకు నలభై నిండడానికి మూడు వారాలే ఉంది.

అప్పటిదాకా సినిమా అవకాశాలూ మీ లాగానే వచ్చినట్టే వచ్చి పోయేవి. మూడేళ్లకే తండ్రిని పోగొట్టుకున్న, జేమ్స్‌టౌన్ అనే ఊరి పిల్ల. న్యూయార్క్‌లో నటన నేర్చుకోబోతే, మరీ బిడియం, పనికిరాదని ఇంటికి పంపేశారు. 1933లో హాలీవుడ్ చేరి, వెనక వరసలో నిలబడే అమ్మాయిలతో మొదలుపెట్టి, ఆర్కేఓ స్టూడియోలో చిన్నాచితకా వేషాలన్నీ వేసి, తక్కువ ఖర్చుతో చుట్టేసే ‘బి సినిమాల రాణి’ అనిపించుకుంది. ఆ బిరుదంటే రెండో బంతి భోజనాలకు పెద్దరికం లాంటిది. పెద్దరికమే, కాదనలేం. అప్పటికి గారెలు అయిపోయి ఉంటాయి, అంతే.

రేడియోలో ఆమె చేస్తున్న భార్య పాత్ర బాగా నడవడంతో సీబీఎస్ వాళ్లు టీవీకి రమ్మన్నారు. వస్తాను, మొగుడి వేషం మా ఆయనకే ఇవ్వాలంది. ఎర్ర జుట్టు అమెరికన్ ఇల్లాలికి క్యూబా మొగుడంటే జనం నమ్మరన్నారు. వాళ్లకు పెళ్లయి అప్పటికి పదేళ్లు! సరేనని 1950లో మొగుడూ పెళ్లాలిద్దరూ ఊరూరా స్టేజీ మీద కలిసి వేషం వేసి చూపించారు. జనం నమ్మడమే కాదు, పడీపడీ నవ్వారు. అలా పుట్టింది ‘ఐ లవ్ లూసీ’. దాని పైలట్, అంటే మచ్చుకు తీసే మొదటి ఎపిసోడ్, తీసేనాటికి మీరు వచ్చి కొన్ని నెలలైంది. వదులు బట్టల కింద మిమ్మల్ని దాచేశారు. అప్పుడు మీరేమీ అనుకోలేదు, పెద్దమనసు.

రెండోసారి, 1952లో, మీరు సీజన్ మధ్యలో వచ్చారు. ఇక దాచడానికి బట్టలు చాలవు. కుర్చీల వెనక, బల్లల వెనక నిలబెట్టి లాగించేద్దాం అన్నారట పెద్దలు. తెర మీద ఆ దంపతులకు ఎవరి మంచం వాళ్లది, ఎవరి దుప్పటి వాళ్లది. మరి మీరు ఏ దారిన వచ్చారని జనం అడుగుతారేమోనని వాళ్ల టెన్షన్.

ఇంతకీ అంత సిగ్గరి పెద్దలు ఎవరనుకున్నారు? షోకి డబ్బు పెట్టే ఫిలిప్ మారిస్ సిగరెట్ కంపెనీ, వాళ్ల వెనక ప్రకటనల వాళ్లు, పక్కన సీబీఎస్. షో మొదట్లో లూసీ దంపతుల కార్టూన్ బొమ్మలు సిగరెట్ పెట్టె పక్కన గంతులేసేవి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే షోలో పొగ తాగమనడం వినోదం. ఆవిడ తల్లి కాబోతోందనడం అసభ్యం. అన్నట్టు, మోడల్‌గా ఉన్న రోజుల్లో ఆమె పోస్టర్ల మీద నవ్వింది పోటీ కంపెనీ చెస్టర్‌ఫీల్డ్ సిగరెట్లకు. ఆ పాత సంబంధం వాళ్లకు తప్పు అనిపించలేదు. మీతో సంబంధమే తప్పయింది.

డెసీ అర్నాజ్ నేరుగా ఫిలిప్ మారిస్ అధిపతి ఆల్ఫ్రెడ్ లయన్‌కు ఉత్తరం రాశాడు. ఇన్నాళ్లూ కథ మేం చూసుకున్నాం, షో నంబర్ వన్ అయింది, ఇకపై మీ ఇష్టమే అయితే ఫలితం కూడా మీదే అన్నది సారాంశం. అభ్యంతరాలు ఆగిపోయాయి. ఆ క్యూబా వాడితో పెట్టుకోవద్దని లయన్ తన వాళ్లకు ఒక చీటీ పంపాడని, అందులో పచ్చి బూతు కూడా ఒకటి ఉందని అంటారు. చూశారా? బూతుకు ఆఫీసు కాగితాల మీద చోటుంది. మీకు టీవీలో లేదు.

కథకు ఒప్పుకున్నారు గానీ మీకు మాత్రం అనుమతి రాలేదు. మీ కుర్చీలో ‘ఎక్స్‌పెక్టింగ్’ గారిని కూర్చోబెట్టారు. ఎదురుచూస్తోంది అని. దేనికోసం? బస్సు కోసం కావచ్చు, పోస్టు కోసం కావచ్చు. అది చాలదన్నట్టు ప్రతి స్క్రిప్టూ ఒక క్యాథలిక్ ఫాదర్, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్, ఒక యూదు రబ్బీ చదివి సరే అనాలి. ముగ్గురికీ తప్పేమీ కనిపించలేదు. దేవుడి మనుషులకు లేని బెంగ సిగరెట్ల వాళ్లకెందుకో. ఎపిసోడ్‌కి పేరు పెట్టేటప్పుడు కూడా మిమ్మల్ని తప్పించి మీ ఫ్రెంచ్ చుట్టం ‘ఆన్‌సెంత్’ను తెచ్చుకున్నారు. పరాయి భాషలో అయితే కడుపు కనపడదు కాబోలు.

మేం తక్కువేం తినలేదు లెండి. “ఏమన్నా విశేషమా?” అంటాం. నెల తప్పింది, నీళ్లోసుకుంది, ఒట్టి మనిషి కాదు అంటాం. మా పాత సినిమాల్లో హీరోయిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరిగెత్తితే చాలు, డాక్టరు గారొచ్చి చెయ్యి పట్టుకుని నాడి చూసి చెప్పేస్తారు, అదీ ఆవిడకి కాదు, ఆయనకి: “మీరు తండ్రి కాబోతున్నారు!” నన్ను ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో “ఫ్యామిలీ ప్లాన్స్ ఏమైనా ఉన్నాయా?” అని నవ్వుతూ అడిగారు. మీ పేరెత్తలేదు. మీరు ఇంకా రానే లేదు, ఉద్యోగం మాత్రం వెళ్లిపోయింది.

సరే, 1952 డిసెంబర్ 8. ఆ ఎపిసోడ్ మీరు చూశారో లేదో, బయట నిలబడ్డారు కదా. లూసీ పొద్దుటి నుంచి మొగుడికి చెప్పాలని చూస్తుంది, కుదరదు. రాత్రి అతను క్లబ్బులో పాడుతుంటే ఒక చీటీ వస్తుంది: ఎవరో భార్య తన భర్తకు విషయం చెప్పాలనుకుంటోంది, వాళ్ల కోసం బిడ్డ పాట పాడండి అని. అతను ఎవరా దంపతులని బల్ల బల్లకీ వెళ్లి వెతుకుతాడు. లూసీ కూర్చున్న బల్ల దాటిపోబోతూ ఆగుతాడు. ఆమె తల ఊపుతుంది. అక్కడ ఇద్దరూ నిజంగానే ఏడ్చేశారు. మిమ్మల్ని పలకడం మాట అటుంచి, ఆ క్షణంలో ఆమె ఏ మాటా అనలేదు. ఎన్నిసార్లు చూసినా నాకు ఇక్కడే గొంతు పట్టేస్తుంది.

1953 జనవరి 19, సోమవారం. తెర మీద లూసీకి కొడుకు పుట్టాడు. అదే రోజు సిజేరియన్ చేసి లూసీల్ బాల్‌కూ కొడుకే పుట్టాడు. దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తే చూసినవాళ్లు 2 కోట్ల 90 లక్షలు. మీరు టీవీలో వినపడితే జనం మొహం తిప్పుకుంటారన్న లెక్క అలా తేలింది.

అదే ఏడాది సెప్టెంబర్లో ఇంకో మాట ఆమె మీద పడింది: కమ్యూనిస్ట్. 1936లో, పెంచిన తాత సంతోషం కోసం ఓటరుగా ఆ పార్టీ పేరు రాయించుకుంది. ఆ మాటకు మారుపేరు వెతికినవాళ్లు లేరు, ముగ్గురు మతపెద్దల్ని పిలిచినవాళ్లు లేరు. ఎర్ర సిరాతో హెడ్డింగ్ కొట్టారు. ఆమెలో ఎరుపంటే జుట్టు ఒక్కటే, అదీ అసలుది కాదన్నాడు డెసీ. కమ్యూనిస్టుల్ని ఏరే విచారణ కమిటీ కూడా వదిలేసింది.

మిమ్మల్ని పెట్టుబడిగా కూడా వాడుకున్నారని మీకు తెలుసా? షో మొదట్లో మొగుడూ పెళ్లాలు వారానికి వెయ్యి డాలర్ల జీతం వదులుకుని, ఫిల్ముల హక్కు తమ డెసిలు కంపెనీకి రాయించుకున్నారు. ఆ పాత ఫిల్ముతో ఏం చేసుకుంటారులే అని అవతలివాళ్లు ఇచ్చేశారు. మీ పుణ్యమా అని ఆమె విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చినప్పుడు పాత ఎపిసోడ్లు మళ్లీ వేశారు. జనం మళ్లీ చూశారు! తర్వాత ఆ ఎపిసోడ్లను సీబీఎస్‌కే లక్షల డాలర్లకు అమ్మి, ఒకప్పుడు చిన్నాచితకా వేషాలు వేసిన ఆర్కేఓ స్టూడియోనే 1957లో కొనేశారు. 1960లో విడాకులు. 1962లో డెసీ వాటా కొనుక్కుని ఆమె ఒక్కతే అధిపతి కుర్చీలో కూర్చుంది. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్: ఇంపాజిబుల్’ ఆ కంపెనీలోంచే వచ్చాయి. 1967లో 1 కోటి 70 లక్షల డాలర్లకు అమ్మేసింది. ఆ లెక్కల్లో మీ వాటా ఎంతో అడిగి పుచ్చుకోండి. నన్ను సాక్షిగా పిలవొచ్చు.

ఇట్లు,
ఇంటర్వ్యూ నుంచి ఇంకా ఫోన్ రాని మీ శ్రేయోభిలాషి

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి, మా పిన్ని కోడలు “అదే”నని చెప్పింది. అంత మెల్లిగా ఎందుకు, పక్కన ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరట.