తాతగారి చుక్కలు: ఒక జాతీయ సమస్య

పాత పత్రికల్లో మన పెద్దల ముఖాల నిండా చుక్కలే. ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు మనవళ్లకు పట్టింది. శతజయంతికి ఫ్లెక్సీ కొట్టించాలంటే తాతగారిది మిగిలింది ఒక్క పేపర్ కటింగే. ఆ అంగుళం బొమ్మను పదడుగులకు సాగదీస్తే సెంటర్లో వేలాడేది తాతగారు కాదు, నిమ్మకాయలంత చుక్కలు.

దీనికంతటికీ కారణం హాఫ్‌టోన్, అంటే ఫొటోను చుక్కలుగా మార్చి అచ్చేసే పద్ధతి. 1880 మార్చి 4న న్యూయార్క్‌లో డైలీ గ్రాఫిక్ పత్రిక ఓ మురికివాడ ఫొటోను ఇలా అచ్చేసింది. అచ్చు సిరాకు నలుపే తెలుసు, బూడిదరంగు తెలియదు. అందుకని గీతల గాజుపలక అడ్డం పెట్టి ఫొటోను చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టి, జింకు రేకు మీద బ్లాకు, అంటే సిరా పూసి కాగితం మీద ఒత్తే అచ్చు, చేసేవారు. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి లాంటి వారు ఈ పద్ధతి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు పాపం. మన తాతల దాకా వచ్చేసరికి చవక కాగితం, అంగుళానికి 65 గీతలు. అంటే కంటికి అడ్డంగా పదో పన్నెండో చుక్కలు. చూపు, కరుణ, దేశభక్తి అన్నీ అందులోనే సర్దుకోవాలి.

స్కాన్ చేస్తే చుక్కలకూ పిక్సెళ్లకూ పొసగక ముఖమంతా గళ్లు పడతాయి. బ్లర్ చేస్తే చుక్కలు పోతాయి, వాటితోపాటు ముక్కూ పోతుంది. ఫోరియర్ పద్ధతని ఒక గణితం ఉంది. బొమ్మలో మళ్లీ మళ్లీ వచ్చే వరుసలను లెక్కగట్టి వేరే పటంగా చూపిస్తుంది. అందులో చుక్కల వరుస తెల్లటి మచ్చలుగా విడిగా బయటపడుతుంది. వాటిని నల్లగా పూసేసి ఆ పటాన్ని తిరిగి బొమ్మగా మారిస్తే చుక్కలు చాలావరకు పోయి మనిషి మిగులుతాడు. నిజాయితీ గల పని. ఉన్నదే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ నచ్చదు.

జనానికి కావలసింది ఏఐ. పది చుక్కల కన్ను ఇస్తే రెప్పల వెంట్రుకలతో సహా తిరిగిస్తుంది. అవి ఎక్కడివని అడక్కూడదు. వేలాది పరాయి ముఖాలు చూసి నేర్చుకుంది కదా, ఎవరివో ఒకరివి. జైల్లో సగమైపోయి వచ్చిన మనిషికి నున్నటి బుగ్గలు, వరస పళ్లు మొలుస్తాయి. ఇంట్లో నాయనమ్మ చూసి "ఎవర్రా ఈ అబ్బాయి, మన చిన్నదానికి సంబంధమా?" అంటుంది. ఆవిడకు చత్వారమని సర్దిచెప్పాలి.

ఇదంతా కల్పన అని గిట్టనివాళ్లు అంటారు. బ్లాకు చేసే ముందు తెల్లరంగుతో ముక్కు అంచు, నల్లరంగుతో మీసం దిద్దిన రీటచింగ్ ఆర్టిస్టును వాళ్లు మరిచారు. బ్లాకు ఖరీదు కనుక బీరువాలో దాచి మళ్లీ మళ్లీ వాడేవారు. డెబ్బై ఏళ్లకు పోయిన నాయకుడు సంతాప వార్తలో నల్లటి క్రాపుతో నవ్వేవాడు. ఏఐ ఆ సంప్రదాయాన్నే నిలబెడుతోంది.

ఇంకో ప్రమాదకరమైన చిట్కా ప్రచారంలో ఉంది. కటింగ్‌ను దూరంగా పెట్టి కళ్లు చికిలిస్తే ముఖం దానంతటదే తేలుతుందట. 1973లో హార్మన్, జులెజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గళ్లు గళ్లుగా చేసిన లింకన్ బొమ్మతో దాదాపు ఇదే చూపించారు. పైసా ఖర్చు లేదు. దీన్ని తక్షణం నిషేధించాలి.

ఏఐ ఇచ్చే ముఖాలు ఎటూ ఒకేలా ఉంటున్నాయి. కాబట్టి ప్రభుత్వమే ఒక ప్రామాణిక తాతను ఖరారు చేసి, మీసం, తలపాగా మాత్రం కుటుంబసభ్యులు ఎంచుకునే వెసులుబాటు ఇస్తే ఫ్లెక్సీ షాపుల దగ్గర రద్దీ చాలా తగ్గుతుంది.