మందు మానడానికి మనసొక్కటే చాలదండీ
"గట్టిగా అనుకుంటే ఎవరైనా మందు మానేయొచ్చు" అని మీ వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. మాది కార్వేటినగరం దగ్గర కొండవార పల్లె, బస్సు రోజుకు రెండుసార్లే, మందు మాత్రం ఏ రాత్రయినా దొరికేది. నేనూ గట్టిగా అనుకునే టక్కున మానేశా. రెండో రోజు చేతులు వణికి టీ గ్లాసు పట్టుకోలేకపోయా, మూడో రోజు ఫిట్స్ వస్తే ఆటోలో పుత్తూరుకు తీసుకుపోయారు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చని, డాక్టరు చెప్పినట్టే ఆపాలని అప్పుడు తెలిసింది (ఈ ముక్క మీ వ్యాసంలో లేదు).

మళ్లీ తాగకుండా నిలబెట్టింది మా వీధి మామ, నాకంటే నాలుగేళ్ల ముందు మానేసినోడు. సాయంత్రం ఆరైతే చాలు, "రారా అబ్బయ్యా" అని రాములగుడి అరుగు మీద కూర్చోబెట్టి బొరుగులు పెట్టేవాడు, నీతులు చెప్పేవాడు కాదు, తాను ఇంట్లో ఏమేం అమ్మి తాగాడో చెప్పేవాడు, అంతే. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే వాళ్ల సంఘం) కూడా ఇద్దరు తాగుబోతులు ఇలా కూర్చుని మాట్లాడుకోవడంతోనే మొదలైంది. మన దగ్గర 1995లో పెట్టిన మద్యనిషేధమేమో రెండేళ్లకే పోయింది.

ఇప్పుడు అరుగు మీద ఐదుగురం. నిన్న ఒకడు రాలేదు, వాళ్లింటికే బయల్దేరుతున్నాం.