ఇంటూ గుర్తు సమ్మతి అవుతుందా?

1973లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ నగరం. ఒక నిరుపేద నల్లజాతి తల్లి ముందు కుటుంబ నియంత్రణ సిబ్బంది ఒక కాగితం పెట్టారు. ఆమెకు చదవడం, రాయడం రాదు. సంతకం చేయాల్సిన చోట ఇంటూ గుర్తు గీసింది. కూతుళ్లకు అప్పటిదాకా వేస్తున్న గర్భనిరోధక ఇంజెక్షన్ల కోసమే ఆ కాగితం అనుకుంది. పన్నెండేళ్ల పిల్లకీ పద్నాలుగేళ్ల పిల్లకీ ఇక జన్మలో బిడ్డలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. దానికి ఆధారం ఆ రెండు అడ్డగీతలే.

రెల్ఫ్ అక్కాచెల్లెళ్ల కేసు పేరుతో ఇది కోర్టుకెక్కింది. అప్పటికి కొన్నేళ్లుగా ప్రభుత్వ సొమ్ముతో ఏటా లక్ష నుంచి లక్షన్నర మంది పేదలకు ఇలాంటి ఆపరేషన్లు జరుగుతున్నాయని 1974 తీర్పులో న్యాయమూర్తి గెసెల్ రాశారు. ఒప్పుకోకపోతే సంక్షేమ సాయం ఆపేస్తామని బెదిరించి ఒప్పించిన సందర్భాలు ఉన్నాయని కూడా రాశారు.

బలవంతం అనగానే కాళ్లూ చేతులూ కట్టేసిన దృశ్యం మన కళ్ల ముందు మెదులుతుంది. ఈ చరిత్రలో మాత్రం అడుగడుగునా కాగితాలే కనిపిస్తాయి. 1907లో ఇండియానా రాష్ట్రం ఇలాంటి బలవంతపు ఆపరేషన్లకు మొదటి చట్టం చేసింది. వర్జీనియాలో పదిహేడేళ్ల క్యారీ బక్‌పై 'మందబుద్ధి' అని ముద్ర వేశారు. పెంపుడు కుటుంబానికి బంధువైన ఒకడు చేసిన అత్యాచారం వల్ల ఆమె గర్భవతి అయింది. ఆ గర్భాన్నే ఆమె నడవడికకు రుజువుగా చూపారు. ఆమె తరఫున వాదించాల్సిన లాయరు, 'మందబుద్ధుల' కోసమని నడుపుతూ ఆమెను బంధించిన ప్రభుత్వ సంస్థ పాలకమండలిలో గతంలో సభ్యుడు. 1927లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది మెజారిటీతో ఆపరేషన్‌ను సమర్థించింది. 'మూడు తరాల మందబుద్ధులు చాలు' అని జస్టిస్ హోమ్స్ రాసిన వాక్యం ఆ తీర్పులోదే. మూడో తరం అంటే క్యారీ కూతురు. ఆ పిల్ల తర్వాత బడిలో మంచి మార్కులు తెచ్చుకుంది, ఎనిమిదేళ్లకే చనిపోయింది. క్యారీ చెల్లెలికీ ఆపరేషన్ చేశారు, అపెండిక్స్ కోసమని చెప్పారు. పెళ్లయ్యాక బిడ్డల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆమెకు ముసలితనంలో గానీ అసలు సంగతి తెలియలేదు. అమెరికా రాష్ట్రాల చట్టాల కింద ఇలా బిడ్డలను కనే హక్కు కోల్పోయినవారు, మగవారితో కలిపి 60,000కు పైనే.

ఇదే దేశంలో దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకొకటి నడిచింది. మధ్యతరగతి తెల్లజాతి స్త్రీ తనంత తానుగా ఆపరేషన్ చేయమని అడిగితే, వయసును పిల్లల సంఖ్యతో గుణించి 120 వచ్చిందో లేదో చూసేవారు. ముప్ఫై ఏళ్ల ఆమెకు నలుగురు పిల్లలుండాలన్నమాట. అదీ చాలదు, ఇద్దరు డాక్టర్లూ ఒక మానసిక వైద్యుడూ ఆమోదించాలి. 1960ల చివరి దాకా ఈ లెక్క చెల్లింది. అడిగినామెకు లేదన్నారు, అడగనామెకు చేసేశారు. నా దృష్టిలో ఈ రెండూ ఒకే అన్యాయం. ఎవరి బిడ్డలు లోకానికి కావాలో తేల్చే అధికారం వైద్యుడిదని, ఆమె మాటకు ఆ గదిలో విలువ లేదని రెండూ చెబుతున్నాయి.

గర్భనిరోధక మాత్ర పుట్టుక కథ ఇంకా బాధిస్తుంది, ఎందుకంటే ఆ మాత్ర స్త్రీలకు నిజంగా కావలసింది. ఆ మాత్రను రూపొందించిన గ్రెగరీ పింకస్, జాన్ రాక్ పనిచేసిన మసాచుసెట్స్ రాష్ట్రంలో గర్భనిరోధకాలు పంచడం నేరం. అందుకని 1956లో అమెరికా పాలనలోని ప్యూర్టోరికో ద్వీపంలో, రియో పియెద్రాస్‌లో, పేదల కోసం కొత్తగా కట్టిన ఇళ్ల సముదాయంలో పరీక్షలు మొదలుపెట్టారు. స్త్రీలు ఇష్టంగానే వచ్చారు. ఆ ద్వీపంలో అప్పటికే శాశ్వత ఆపరేషన్ ఎంత మామూలైపోయిందంటే, దాన్ని కేవలం 'ఆ ఆపరేషన్' అని పిలిచేవారు. 1965 సర్వేలో తల్లుల్లో దాదాపు మూడోవంతు మంది అది చేయించుకున్నట్టు తేలింది. మాత్ర మింగితే గర్భం రాదని ఆ స్త్రీలకు చెప్పారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని చెప్పలేదు. మాత్రలో హార్మోను మోతాదు 10 మిల్లీగ్రాములు, ఈనాటి మాత్రలతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. తలతిరుగుడు, వాంతులు, తలనొప్పి, కడుపునొప్పి 17 శాతం మందిలో కనిపిస్తున్నాయని అక్కడి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే నివేదించారు. అదంతా మానసికమని పింకస్ కొట్టిపారేశారు. పరీక్షల కాలంలో ముగ్గురు స్త్రీలు చనిపోతే శవపరీక్షలు కూడా జరపలేదు. 1960లో మాత్రకు గర్భనిరోధకంగా అనుమతి వచ్చింది. పదేళ్ల తర్వాత దాని ప్రమాదాలపై సెనేట్ విచారణ జరిపినప్పుడు, మాత్ర వాడిన ఒక్క స్త్రీని కూడా సాక్ష్యానికి పిలవలేదు. సభలోనే స్త్రీలు లేచి నిలదీశారు. మాత్రల పెట్టెలో దుష్ప్రభావాలు తెలిపే కాగితం ఉండాలన్న నిబంధన ఆ ఏడాదే వచ్చింది.

లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాలున్న తల్లుల చేత పురిటినొప్పుల మధ్య, వారికి రాని ఇంగ్లీషులో ఉన్న పత్రాలపై సంతకాలు పెట్టించుకున్నారు. 1978లో న్యాయమూర్తి దాన్ని భాష వల్ల వచ్చిన అపార్థంగా తేల్చి, వైద్యుల పక్షాన తీర్పిచ్చారు.

1979 నుంచి ప్రభుత్వ నిధులతో జరిగే ఆపరేషన్లకు కొత్త నిబంధనలున్నాయి. ఆపరేషన్ చేయించుకునేవారికి 21 ఏళ్లు నిండాలి, సంతకానికీ ఆపరేషన్‌కూ మధ్య సాధారణంగా 30 రోజులు గడవాలి. అయినా కాలిఫోర్నియా జైళ్లలో 2005 నుంచి 2013 దాకా 144 మంది మహిళా ఖైదీలకు ట్యూబెక్టమీలు జరిగినట్టు రాష్ట్ర ఆడిటర్ లెక్క తేల్చారు. వారిలో 39 మంది సమ్మతి తీసుకున్న తీరులో లోపాలు దొరికాయి. ఖైదీ మానసికంగా సరైన స్థితిలో ఉంది, అర్థం చేసుకుంది, గడువు పూర్తయింది అని ధ్రువీకరించే చోట 27 పత్రాల్లో వైద్యుడి సంతకం లేదు.