బిల్లులో లేని ఇరవై నిమిషాలు

మా పెదనాన్నకు గుండె బలహీనపడి (డాక్టర్లు గుండె వైఫల్యం అంటారు) ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచారు. ఇంజెక్షన్లతో నీరు తీసేశారు, ఆయాసం తగ్గింది, మాత్రల సంచీ ఇచ్చి ఇంటికి పంపారు. పన్నెండో రోజు రాత్రి పడుకుంటే ఊపిరాడక, మంచం మీద కూర్చునే తెల్లవార్చి, మళ్లీ అదే వార్డుకు చేరారు. ఈ మధ్యలో ఏం జరిగింది? పూటపూటా ఆవకాయ, అప్పడం. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్. ఒంట్లోని నీటిని మూత్రంగా పంపే నీటి మాత్రను, మాటిమాటికీ లేవాల్సి వస్తోందని మానేయడం. మూడూ ఒంట్లో నీరు నిలిచేలా చేసేవే. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రెండోసారి ఒక సిస్టర్ చెప్పారు. ఆయన మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, పడిన గుంట వెంటనే పూడకపోవడం ఆయనకే చూపించారు. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, ఒకే యంత్రం మీద బరువు చూసి రాసుకోమన్నారు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, నీరు పట్టడం. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోను చేయాలి. అంతా చెప్పి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి బాబాయిగారూ" అన్నారు. ఆయన తడబడిన చోట మళ్లీ మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు పట్టింది. బిల్లులో దూదికీ సూదికీ పద్దు ఉంది, ఆ ఇరవై నిమిషాలకు లేదు. నా బాధంతా అక్కడే.

ఎందుకంటే అది మర్యాదకు చెప్పే నాలుగు మాటలు కాదు, చికిత్స. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 282 మంది వృద్ధ రోగులపై చేసిన అధ్యయనం 1995లో వెలువడింది. నర్సు ముందుండి నేర్పించి, ఇంటికి వెళ్లాక కూడా కనిపెట్టుకుని ఉన్న వర్గంలో, గుండె వైఫల్యంతో తిరిగి ఆసుపత్రిలో చేరడం 90 రోజుల్లో మిగతా వర్గంతో పోలిస్తే 56 శాతం తగ్గింది. మన దగ్గర పరిస్థితి ఎంత తీవ్రమో ఈ రోగుల వివరాలు నమోదు చేసిన తిరువనంతపురం రిజిస్ట్రీ చెబుతుంది: 2013లో ఈ జబ్బుతో అక్కడి ఆసుపత్రుల్లో చేరిన 1,205 మందిలో దాదాపు 59 శాతం ఐదేళ్లలో చనిపోయారు.

మందులు లేక కాదు. గుండె పంపింగ్ తగ్గినవారికి ఇప్పుడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తున్నారు. వాటిలో కొన్నిటి మోతాదును బీపీ, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం చూసుకుంటూ మెల్లగా పెంచాలి. కళ్లు తిరిగాయని రోగి తనంతట తాను మానేయకుండా చూడాలి. ఆ నాలుగు రకాల్లో ఒకటైన, ఒంట్లో పొటాషియం నిలిపే స్పైరనోలాక్టోన్ వేసుకునేవారు మంచిదనుకుని 'తక్కువ సోడియం ఉప్పు' వాడితే, అందులోని పొటాషియం ప్రాణం మీదికి తేవచ్చు. ఇంటి వంటగది సంగతి అడిగి తెలుసుకునేది సాధారణంగా నర్సే.

వార్డులో వారికి తీరిక ఎక్కడిదంటారు. నిజమే, ఉన్న మంచాలకే చేతులు చాలడం లేదు. అందుకే దీన్ని ఎవరో ఒకరి మంచితనానికి వదిలేయకూడదు. గుండె విభాగం ఉన్న ప్రతి ఆసుపత్రీ ఈ పనికే ఒక నర్సును నియమించి, డిశ్చార్జి తర్వాత వారంలోగా ఫోను చేసే బాధ్యత అప్పగించాలి. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు చూస్తున్న నర్సింగ్ చదివిన సిబ్బందికి ఈ రోగుల బరువు, కాళ్ల వాపు చూడటం కొత్త విద్యేమీ కాదు. వారికి కావాల్సింది తెలుగులో రాసిన డిశ్చార్జి కాగితం, సందేహం వస్తే అడగడానికి ఒక డాక్టరు నంబరు.

పెదనాన్న పుస్తకంలో మొన్న 63.0 ఉన్న అంకె మూడో రోజుకు 65.1 అయింది. పెద్దమ్మే చూసి ఫోను చేసింది. నీటి మాత్ర మూడు రోజులు రెండేసి వేయమన్నారు, తర్వాత రక్త పరీక్ష చేయించమన్నారు. ఈసారి ఆయన మంచం మీద వెల్లకిలా పడుకునే నిద్రపోయారు.