పంచదార సాక్ష్యం

మోకాలి నొప్పికి మా పెదనాన్న వైద్యం చాలా సులువు. సందు చివర మందుల షాపు ముందు నిలబడి రెండు వేళ్లు చూపిస్తారు. కుర్రాడు స్ట్రిప్పులోంచి రెండు డైక్లోఫెనాక్ బిళ్ళలు కత్తిరించి, పాత పేపరులో చుట్టి ఇస్తాడు. ఒక గ్యాస్ బిళ్ళ కూడా పెడతాడు, కొసరుగా. స్ట్రిప్పు మీద ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని దాని అర్థం. కత్తెరకు దారి చూపించడానికి గీశారని మా వాళ్ల నమ్మకం.

ఈ జాతి నొప్పి బిళ్ళలు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారు కాకుండా అడ్డుకుంటాయని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చాడు. 1982లో నోబెల్ కూడా వచ్చింది. వాపు తెచ్చేది ఆ పదార్థాలే, పొట్ట లోపలి గోడకు జిగురు పూత వేయించేదీ అవే. మోకాలి గొడవ తీర్చమని పంపితే పొట్ట గోడ పీకి వచ్చే పెద్దమనిషన్నమాట.

పొట్ట మాత్రం చాలాసార్లు కిక్కురుమనదు. పుండు పడిందని చెప్పాల్సింది నొప్పి, ఆ నొప్పి నోరు ముందే నొక్కేశాం. కాస్త మంట పుడితే 'గ్యాస్' అనేస్తాం. గుండెపోటునే గ్యాస్ అనుకునే జాతికి పుండు ఒక లెక్కా? ఒకరోజు విరేచనం తారులా నల్లగా వస్తే, అది రక్తం కావచ్చని తట్టదు. రాత్రి తిన్న నువ్వుల పచ్చడి మీదకు తోసేస్తాం.

పొట్టలోకి గొట్టం దింపి చూసే ఎండోస్కోపీ అంటే పెదనాన్న కస్సుమంటారు. "గొట్టం మింగడానికి నేనేం గారడీవాణ్ణా?"

గొట్టం లేని పరీక్ష ఒకటుంది. కెనడాలోని కాల్గరీ పరిశోధకులు 1994లో లాన్సెట్ పత్రికలో రాశారు. రాత్రి పంచదార నీళ్లు తాగి, తెల్లారేదాకా మూత్రం పట్టి ఇవ్వాలి, అంతే. మామూలుగా పంచదార పొట్ట గోడలోంచి దూరలేదు. చిన్నపేగులోకి వెళ్లి గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోతుంది. గోడ దెబ్బతింటే మాత్రం విడిపోకుండానే రక్తంలోకి జారి, మూత్రంలో దొరికిపోతుంది. చిన్న చిన్న గీతలను పట్టలేకపోవచ్చు, ఎండోస్కోపీకి పూర్తి బదులూ కాదు. అయినా ఎంత మర్యాదస్తురాలైన సాక్షి! ముప్పై ఏళ్లు దాటినా మా సందు ల్యాబు బోర్డు మీద దాని పేరు లేదు. పంచదారకు పండగ ఆఫర్ ఏం పెడతారు పాపం.

రాబందులు మనకంటే నయం. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వల్ల, వాటి కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఒక్క రాబందు కూడా ధర్నాకు దిగలేదు.

ఇదంతా పెదనాన్నకు విడమరిచి చెప్పాను. ఆయన చెవికెక్కింది ఒక్కటే.

"పంచదార ఎంతన్నావు?"

"వంద గ్రాములు, పెదనాన్నా."

పదేళ్లుగా చక్కెర లేని కాఫీ తాగుతున్న మనిషి. పరీక్షకు వెంటనే ఒప్పుకున్నారు. పెద్దమ్మ లేచి వెళ్లి పంచదార డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది.