రైతు లేని రైతు బజారు

రైతుకు చోటు లేని చోటికి రైతు బజారు అన్న పేరెందుకు? మొన్న ఆదివారం విశాఖ నగరంలోని ఒక రైతు బజారులో మా విలేకరులు చూసిన దృశ్యం ఈ ప్రశ్నను గట్టిగానే అడగమంటోంది. ఆనందపురం వైపు నుంచి తొలి బస్సులో వచ్చిన ఒక మహిళా రైతు, గేటు బయట కాలువ గట్టున గోనెపట్టా పరుచుకుని, తోటకూర, బచ్చలి కట్టల మీద చెంబుతో నీళ్లు చిలకరించుకుంటూ కూర్చున్నారు. కట్టల వేళ్లకు ఇంకా తడిమన్ను అంటుకునే ఉంది. ఆమె దగ్గర రైతు గుర్తింపు కార్డు ఉంది, లోపల దుకాణం మాత్రం లేదు. లోపల రైతు పేరిట నమోదైన దుకాణంలో, టోకు మార్కెట్ నుంచి ఆటోలో దిగిన ట్రేలలోని మదనపల్లె టమాటాను ఒక వ్యక్తి సర్దుకుంటున్నాడు. మీది ఏ ఊరు, ఎన్ని సెంట్లు సాగు చేస్తున్నారు అని అడిగితే అతడు ముఖం తిప్పుకున్నాడు.

1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడు చెప్పిన మాట ఒక్కటే: మధ్యలో దళారీ ఉండడు, పండించినవాడే అమ్ముతాడు, టోకు ధర కంటే రైతుకు కొంత ఎక్కువ దక్కుతుంది, చిల్లర ధర కంటే కొనేవారికి కొంత మిగులుతుంది. ఆ మాట నమ్మే విశాఖ వాసులు ఇంటి పక్క దుకాణాన్ని దాటుకుని, సంచి పట్టుకుని ఎంవీపీ కాలనీకో, సీతమ్మధారకో, కంచరపాలేనికో వెళుతున్నారు. దళారీయే రైతు పేరుతో లోపల కూర్చుంటే మోసపోయేది ఒక్క రైతే కాదు, ఆ పేరు చూసి వచ్చిన ప్రతి ఇల్లాలూ మోసపోతున్నట్టే.

ఈ ప్రాంతంలో పంటకు కొదవ ఉందా అంటే అదీ లేదు. భీమిలి, పద్మనాభం, పెందుర్తి మండలాల ఆకుకూరలు, వంకాయలు, బీర, దొండ గంట రెండు గంటల్లో నగరానికి చేరగలవు. మన్యం నుంచి అనాస, అల్లం, పసుపు, సీతాఫలం, చింతపల్లి రాజ్‌మా వస్తాయి. బెల్లం కావాలంటే దేశమంతటికీ తెలిసిన అనకాపల్లి పక్కనే ఉంది. తెల్లవారి కోసిన ఆనపకాయకు గోరు గుచ్చితే నీరు ఊరుతుంది, రెండు రోజులు లారీలో కుదుపులు తిని వచ్చిన కాయకు గోరే దిగదు. లేత ఆనపకాయ పులుసు తిన్న నోటికి ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకుకూర వడలేకొద్దీ రుచితో పాటు అందులోని సి విటమినూ తగ్గిపోతుంది. పొలం పక్కనే ఉన్న నగరం ముదిరిన కాయలు, వడలిన ఆకులు తినాల్సి రావడం కంటే అన్యాయం ఏముంటుంది?

ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్ ఇక్కడ సరిపడా పండవని, అన్ని రకాలూ ఒకేచోట దొరక్కపోతే జనం రారని కొందరు వాదిస్తున్నారు. ఆ సరుకుకు వేరే దుకాణాలు కేటాయించి, అవి రైతువి కావని బోర్డు పెట్టి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. తోటకూర రైతును గేటు బయటకు నెట్టి, ఆమె చోటును రైతు వేషంలో ఉన్న వ్యాపారికి ఇవ్వడం మాత్రం ఏ వాదనతోనూ సమర్థించదగినది కాదు.

పాలకులు, అధికారులు వేదికలెక్కి స్థానిక ఆహారం గొప్పతనం చెప్పడానికి ఏనాడూ వెనుకాడలేదు. అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమంటూ 2023 పొడవునా చోళ్లు (రాగులు), సామలు, గంటెల (సజ్జల) మీద ఉపన్యాసాలు విన్నాం. అదే చోళ్లు పండించిన గిరిజన రైతు కొండ దిగి వస్తే కూర్చోడానికి నాలుగడుగుల నేల చూపలేని యంత్రాంగానికి ఆ ఉపన్యాసాలు ఇచ్చే అర్హత ఎక్కడిది? రైతు పేరు వేదిక మీద పనికొస్తుంది, బోర్డు మీద పనికొస్తుంది. దుకాణం కేటాయింపు దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు బినామీకి ముసుగవుతోంది. నేడు ఒక దుకాణంలో చూసీ చూడనట్టు వదిలేస్తే, రేపు ఆ వరుసంతా అదే దారి పడుతుంది.

ఇందుకు కొత్త చట్టాలు అక్కర్లేదు. రైతులను గుర్తించి కార్డులిచ్చే పద్ధతి మొదటి నుంచీ ఉంది, రోజువారీ ధరలు నిర్ణయించే ఏర్పాటూ ఉంది. తమ పేరుతో మరొకరు సరుకు అమ్ముతున్న రైతుల కార్డులను వెంటనే రద్దు చేసి, ఆ దుకాణాలను బయట కూర్చున్నవారికి ఇవ్వాలి. కార్డు మీది ఫొటోను, తక్కెడ పట్టుకున్న మనిషిని పక్కపక్కన పెట్టి చూడటానికి కమిటీలు, నివేదికలు ఎందుకు? బాధ్యత ఉన్న అధికారులు వారానికి ఒక్క రోజైనా తెల్లవారి అయిదు గంటలకు నిద్ర లేచి బజారుకు రావాలి. ఆ మాత్రం చేతకాకపోతే, ఆ బోర్డు మీద నుంచి రైతు పేరు తీసేయండి.